హూకెమా మాస్టారి పరామర్శ

ఫలితాల రోజు పొద్దున హూకెమా మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, తన క్లాసులోని నీంకె అనే పిల్లకు ఒక్క ఫోను చేయడం, సైకిలెక్కి బడికి పోవడం. ఇందులో ప్రమాదం ఎక్కడుందో ఆయనకు బొత్తిగా తోచలేదు. ఫిజిక్సు చెప్పేవాళ్లకు ఇలాంటి ప్రమాదాలు కళ్లెదుట ఉన్నా కనిపించవు.

ముప్పై ఏళ్లు ఆయన మార్కుల మనిషి. ఆరు పాయింట్ మూడుకూ ఆరు పాయింట్ నాలుగుకూ తేడా ఏమిటో దేవుడికి తెలియకపోయినా తనకు తెలుసని నమ్మినవారు. తర్వాతెప్పుడో, పదికి తొమ్మిది తెచ్చుకున్న కుర్రవాణ్ణి నెల తిరిగాక అదే ప్రశ్న అడిగితే, "అది అయిపోయిన పరీక్ష కదా మాస్టారూ" అని వాడు జాలిగా చూశాడు. ఆ చూపు ముల్లులా దిగింది. ఇన్నేళ్లూ తాను కొలిచింది చదువును కాదు, పరీక్ష ముందటి బట్టీని అని తేలిపోయింది.

ఆ దెబ్బతో చట్టం పెట్టమన్న పరీక్షలు తప్ప, క్లాసులో మార్కులు మానేశారు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని "నీకేం అర్థమైందో నాకు చెప్పు" అనడం మొదలుపెట్టారు. తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. ప్రిన్సిపాల్ ఫొప్మా గారు ఒక్క ఏడాది గడువిచ్చారు. "దేశమంతా రాసే పరీక్షలో మీ క్లాసు దెబ్బతిందంటే మళ్లీ ఎర్ర పెన్ను పట్టాల్సిందే" అన్నారామె. ఆ గడువు ఈ రోజుతో సరి.

ఫలితం వచ్చాక ఎవరిని అడిగినా జవాబుకు మార్కుల వాసన అంటుకుంటుంది. ప్యాసైతే మాస్టారు దేవుడు, తప్పితే దయ్యం. అందుకని ముందే అడగాలి, ఈ పద్ధతిలో నీకు నిజంగా ఏమైనా వచ్చిందా అని. నీంకె అయితే బెరుకు పిల్ల, ముఖస్తుతి చేతకాదు.

ఆయన మరిచిపోయిందల్లా ఊరి ఆనవాయితీ. ఫలితాల రోజున క్లాసు మాస్టారే పిల్లల ఇళ్లకు ఫోను చేస్తారు, తప్పినవాళ్లకు ముందు. కాబట్టి ఆ పొద్దున ఫోను మోగకపోవడమే శుభం. నెగ్గిన ఇంట్లో జెండా ఎగరేసి, ఆ కర్రకే పాత బడిసంచీ వేలాడదీసి, వచ్చినవాళ్లకల్లా కేకు పెడతారు. ఫలితాలు ఇంకా బడికే చేరలేదు కదా అని మాస్టారి ధీమా. చేరలేదని ఇళ్లలో ఎవరికి తెలుసు?

నీంకె తల్లి మార్లీస్ ఫోనెత్తింది.

"అమ్మా, నేను హూకెమాను. నీంకెతో ఒక్క మాట..."

అవతల ఏదో భళ్లున పగిలింది. "అయ్యో దేవుడా! అయిపోయింది, అంతా అయిపోయింది!" అని ఏడుపు వినిపించి, ఫోను ఆగిపోయింది.

మాస్టారు నిర్ఘాంతపోయారు. ఆ ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మ ఉందనీ, చలికాలంలో జబ్బు చేసిందనీ నీంకె చెప్పినట్టు గుర్తు. "పాపం, పెద్దావిడ పోయింది" అనుకున్నారు. ఇలాంటప్పుడు ఫోనుతో సరిపెట్టడం మర్యాద కాదు. చావిళ్లకు వేసుకునే నల్లకోటు తగిలించుకుని, దారిలో తెల్ల లిల్లీలు కొని, సైకిలు బుట్టలో నిలబెట్టి బయలుదేరారు.

నీంకె వాళ్ల ఎదురింట్లో డౌవ నిచ్చెనెక్కి జెండా కర్ర బిగిస్తున్నాడు. అతని కొడుకూ అదే క్లాసు. నల్లకోటునూ తెల్లపూలనూ చూసి నిచ్చెన మీదే బిగుసుకుపోయాడు.

"ఎవరింటికి మాస్టారూ?"

"నీంకె వాళ్లింటికయ్యా. ఘోరం జరిగిపోయింది."

"మరి... మా ఇల్లు?"

మాస్టారు నిట్టూర్చారు. "ఎవరికి తప్పుతుంది డౌవా? ఇవాళ వాళ్లిల్లు, రేపు మీ ఇల్లు."

డౌవ జెండా చుట్టేసి కిందికి దిగాడు. దిగుతూనే క్లాసు తల్లిదండ్రుల ఫోను గ్రూపులో రాశాడు: "మాస్టారు పూలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఒక్కరూ మిగల్లేదట." ఆ తర్వాత ఆ వార్తకు కాళ్లొచ్చాయి.

మార్లీస్ తలుపు తీసి, పూలు చూసి, మళ్లీ బావురుమంది.

"గుండె దిటవు చేసుకోండమ్మా" అన్నారు మాస్టారు. "బాగా బాధపడిందా?"

"రెండేళ్లుగా మాస్టారూ! ఈ నెలంతా కంటి మీద కునుకే లేదు."

"చివర్లో ఏమన్నా అందా?"

"చివరి ప్రశ్నకు టైము చాల్లేదంది."

ఎనభై ఏళ్ల మనిషి అంత వేదాంతంతో కన్నుమూయడం మాస్టారిని కదిలించేసింది. "మహాతల్లి" అనుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, "అంత్యక్రియలు ఎప్పుడమ్మా?" అన్నారు.

మార్లీస్ ఏడుపు ఆపి నోరు తెరిచింది. అంతలో లోపలి గదిలోంచి చేతికర్ర టకటకలాడింది.

"ఎవరే వచ్చింది? కాఫీ అయినా పోశావా లేదా?" అంటూ అమ్మమ్మ వచ్చి నిలబడింది.

మాస్టారు కుర్చీ పట్టుకున్నారు. "మీరు... మీరు పోలేదా?"

"ఎక్కడికి నాయనా?"

అంతలో మేడమెట్లు దిగి నీంకె వచ్చింది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"తప్పానని తెలుసు మాస్టారూ. నన్ను ఓదార్చకండి. కానీ ఇది ఒక్కటి చూడండి."

కాఫీ కప్పు బోర్లించి, దాని మీద పొడుగాటి గరిటె అడ్డంగా పెట్టింది. పొడుగు వైపు ఒక బిస్కెట్టు, పొట్టి వైపు చక్కెర బిళ్లలు. ఒక్కో బిళ్లా చేరుస్తుంటే గరిటె ఊగి ఊగి నిలిచింది.

"పడవలొచ్చినప్పుడు మన కాలవ మీది వంతెనను ఒక్క మనిషి ఎలా ఎత్తుతాడే అని అమ్మమ్మ అడిగింది. ఇలాగన్న మాట. దూరం తగ్గినవైపు బరువు పెరగాలి. ఇది నేను బట్టీ పట్టలేదు మాస్టారూ. పరీక్ష పోతే పోయింది గానీ, ఇది నా దగ్గర్నుంచి పోదు."

"నాకే అర్థమైంది, దాన్నెలా తప్పించారు?" అని అమ్మమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

మాస్టారి కళ్లు నిండాయి. అడగాలనుకున్న ప్రశ్న అడగనే లేదు. జవాబు మాత్రం గరిటె మీద నిలబడి ఉంది. ఏడాదంతా ఆయన ఇంత సంతోషపడిన క్షణం లేదు.

"తప్పావని నీకెవరు చెప్పారమ్మా? ఫలితాలే రాలేదు!"

"మరి ఫోనెందుకు చేశారు?" అంది తల్లి. "మరి నల్లకోటెందుకు?" అంది నీంకె. "మరి నేను పోవడమేంటి?" అంది అమ్మమ్మ.

ఈ మూడింటిలో ఏది ముందు చెప్పాలో తేలకముందే ఆయన జేబులో ఫోను మోగింది. ప్రిన్సిపాల్.

"హూకెమా గారూ! పొద్దుట్నుంచీ నా ఫోను పగిలిపోతోంది. క్లాసు క్లాసంతా తప్పించేశామట కదా!"

ఏడాది శ్రమ ఒక్క ఫోనుతో ఏట్లో కలిసిపోయిందనుకున్నారు మాస్టారు. "తప్పంతా నాదే మేడమ్. వచ్చే ఏడు నుంచి మార్కులే..."

"ముందు నన్ను చెప్పనివ్వండి. అందరూ తిట్టడానికే చేశారు. అయితే ఒక్కరూ ఎన్ని మార్కులని అడగలేదు. 'ఫ్రిజ్ వెనక వేడెందుకో భోజనాల దగ్గర మాకు విడమర్చిన పిల్లాడండీ, వాడెలా తప్పుతాడు?' అని ఒకాయన. 'మా పిల్ల ఇంద్రధనుస్సు గురించి పక్కింటివాళ్లను కూడా వదల్లేదు' అని ఒకావిడ. పిల్లలకు ఏమొచ్చో చెబుతూ తల్లిదండ్రులు పోట్లాడటం నా సర్వీసులో ఇదే మొదలు. మీ పద్ధతి ఇంకో క్లాసుకు కూడా పెట్టండి."

"మరి... ఫలితాలు?"

"ఇప్పుడే వచ్చాయి. ఇద్దరు తప్పారు, వాళ్లు మళ్లీ రాసుకోవచ్చు. నీంకె ప్యాసు, డౌవ కొడుకూ ప్యాసు. ఫోన్లు మాత్రం నేనే చేసుకుంటాను, మీరు వాటి జోలికి రాకండి."

కాసేపటికి ఆ వీధిలో రెండు సంచులు గాలికి ఊగాయి. డౌవ నిచ్చెన దిగి వచ్చి మాస్టారి వీపు చరిచి, "పూలు చూసి చచ్చాననుకున్నాను" అన్నాడు. నీంకె కేకు కోసింది. అమ్మమ్మ తన కోసం తెచ్చిన లిల్లీలను తానే కూజాలో సర్దుకుంది.

"పూలు బాగున్నాయి నాయనా" అంది. "కానీ మనిషి ఉందో పోయిందో చూసుకోకుండా పరామర్శకు వస్తారా ఎవరైనా? పదికి అయిదు. అయిదున్నరకు గానీ ప్యాసు లేదు, తప్పావు పో."

మార్కులు మనిషిని కొలవలేవని ఏడాదిగా ఊరంతా చాటిన హూకెమా మాస్టారు కేకు పళ్లెం పక్కన పెట్టి, "ఇంకో అర కలిపితే గట్టెక్కుతాను కదండీ" అని బతిమాలడం మొదలుపెట్టారు.