బాతుకి పళ్ళుండవు

"నేరం చేసినవాడు ఈ ఊళ్ళో నిద్రపోలేడు, ఒజేబ్. ఎందుకంటే ఇక్కడ నేను మేలుకుని ఉన్నాను."

సోమవారం పొద్దున్నే నా మాంసం కొట్లో, పంది చెవుల పళ్ళెం ముందు నిలబడి ఫుల్జాన్స్ బర్బాస్త్ ఈ ప్రకటన చేశాడు. వాడు ఉద్యోగమంతా రైళ్ళలో టిక్కెట్లు చూసి రిటైరయ్యాడు. టిక్కెట్ లేనివాణ్ణి వాసన పట్టిన ముక్కు హంతకుణ్ణి పట్టదా అని అప్పట్నుంచీ డిటెక్టివ్ అయిపోయాడు. ఇంతవరకూ వాడు తేల్చిన కేసులు రెండు. చర్చి గంట దొంగతనం, అది మరమ్మతుకి వెళ్ళింది. పోస్ట్‌మాన్ మీద విషప్రయోగం, వాడు తాగి పడుకున్నాడు.

"నువ్వు మేలుకుని ఉంటే మరి ఆ గురక ఎవరిదిరా? మా ఇంటిదాకా వినిపిస్తుంది," అన్నాను.

"గురక నా మారువేషం," అన్నాడు ఫుల్జాన్స్. "సాసేజ్ కొయ్యడం ఆపి విను. ఫైనల్ అమ్ముడుపోయింది."

నా కత్తి ఆగిపోయింది. మా లబర్దాస్‌లో చావు గురించి ఎన్ని జోకులైనా వెయ్యొచ్చు గాని రగ్బీ గురించి వెయ్యకూడదు. ఆ శనివారమే పారిస్‌లో ఫైనల్. గెలిచినవాళ్ళకి ఇచ్చే డాలుని ఈ దేశంలో అందరూ ముద్దుగా చెక్కముక్క అంటారు. ఆ చెక్కముక్క మా ఊరికి మా తాతల కాలంలో ఒక్కసారి వచ్చింది. ఇప్పుడు అడ్డం ఉన్నది పోర్-సాల్వీ జట్టు ఒక్కటే. సముద్రం ఒడ్డు ఊరు, డబ్బు బలిసిన క్లబ్బు.

"అమ్మింది ఎవడు?"

"ఎల్వా లకసాన్."

ఎల్వా మా హుకర్. బంతి గీత దాటి బయటికి పోతే దాన్ని తిరిగి లోపలికి విసిరేది అతనే. విసిరేముందు ఒక మాట అరుస్తాడు. దాన్ని బట్టి మావాళ్ళలో ఎవడు గాల్లోకి లేవాలో వాళ్ళకి తెలుస్తుంది, అవతలివాళ్ళకి తెలియదు. మా క్లబ్బులో ఆ మాటలు అమ్మమ్మల నాటి గాస్కన్ యాసలో ఉంటాయి. 'సెబ' అంటే ఉల్లిపాయ, బంతి ముందువాడికి. 'హావ' అంటే చిక్కుడు గింజ, బంతి చివరివాడికి. సెమీఫైనల్లో ఉల్లి ఒకచోట, లేచినవాడు మరోచోట. బంతులన్నీ అవతలివాళ్ళ పాలయ్యాయి. మా అదృష్టం బాగుండి ఎలాగో గట్టెక్కాం.

"రహస్య సంకేతాలు బయటికి పొక్కాయి," అన్నాడు ఫుల్జాన్స్. "గమనించావా? వాడు ఈమధ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. మాట్లాడితే కదా అసలు. అన్నిటికీ ఊఁ, ఉఁహూఁ. అపరాధి మౌనం అంటే అదే. నిన్న పొగాకు కొట్టు వెనక ఫోన్లో ఏమన్నాడో నా చెవులారా విన్నాను. 'శుక్రవారానికల్లా పళ్ళు అందాలి. నాలుగే చాలు. మా ప్రెసిడెంటుకి మాత్రం తెలియకూడదు.'"

"పీచ్ పళ్ళేమోరా. జూన్ నెల కదా."

"నాలుగు పీచ్ పళ్ళ కోసం ఎవడైనా రహస్యంగా ఫోన్ చేస్తాడా? పళ్ళంటే లక్షలు. నాలుగు పళ్ళు, నాలుగు లక్షల యూరోలు. చీకటి లోకపు భాష, నీకు తెలియదు."

 నా మనసు ఒప్పుకోలేదు. ఎల్వా పదిహేనేళ్ళుగా ఈ క్లబ్బు కోసం మెడా భుజాలూ అరగదీసుకున్నాడు. చెవులు రెండూ నలిగి ఎండు పుట్టగొడుగుల్లా అయ్యాయి. ఒక్క ఫైనల్ ఆడలేదు ఇంతవరకూ. శనివారంతో ఆట మానేస్తున్నాడు. ఈ మాట ప్రెసిడెంటు చెవిన పడితే ఆ ఒక్క ఫైనలూ అతను బెంచీ మీద కూర్చుని చూడాల్సిందే.

"సాక్ష్యం లేకుండా నోరు తెరిచావంటే నీకూ నాకూ చెల్లు," అన్నాను.

సాక్ష్యం కోసం మంగళవారం వాడు ఎల్వాని వెంబడించి పోర్-సాల్వీ వెళ్ళాడు. అక్కడివాళ్ళలో కలిసిపోవడానికి వాళ్ళ జట్టు ఎర్ర మఫ్లర్ మెళ్ళో చుట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు తియ్యడం మర్చిపోయాడు. మా ఊరి బస్సు డ్రైవరు వాణ్ణి ఎక్కించుకోలేదు. రొట్టెల కొట్టావిడ రొట్టె అమ్మలేదు. కట్టుకున్న భార్యే తలుపు సందులోంచి చూసి, "ఎవరు కావాలి?" అందట.

"దొరికింది," అన్నాడు ఆ రాత్రి నా వంటింట్లో మిగిలిన సూప్ జుర్రుకుంటూ. "వాడు రేవు వీధిలో ఓ భవనంలోకి దూరాడు. బయట బోర్డు మీద డాక్టర్ అని ఉంది. డాక్టర్ అనేది ముఠా నాయకుడి మారుపేరు. లోపల్నుంచి మూలుగు వినిపించింది, ఒజేబ్. బేరం కుదరక చిత్రహింస పెడుతున్నారు."

"డాక్టరు దగ్గర మూలుగు వినిపించకపోతే పాట వినిపిస్తుందా?" అన్నాను గాని, వాడప్పటికే గిన్నె నాకుతున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం సంత మండపంలో జట్టుకి వీడ్కోలు విందు. ఊరంతా పొడుగాటి బల్లల ముందు కూర్చుంది. నేను కొవ్వులో ఊరిన బాతు కాళ్ళు సీసాల్లోంచి తీసి వేయించి వడ్డిస్తున్నాను. ఒక్కసారిగా ఫుల్జాన్స్ బెంచీ ఎక్కాడు, చేతిలో నేను వడ్డించిన బాతు కాలుతోనే.

"సోదర సోదరీమణులారా, మన మధ్య ఒక పాము ఉంది. అది మనతోనే భోంచేస్తోంది."

తర్వాత అంతా చెప్పేశాడు. ఉల్లి, చిక్కుడు, నాలుగు పళ్ళు, రేవు వీధి. చెప్పి బాతు కాలుతో ఎల్వా వైపు చూపించాడు.

ముందు ఎవరో నవ్వారు. తర్వాత ఎవరో, "అవును, సెమీఫైనల్లో నాకూ అనుమానమొచ్చింది," అన్నారు. ఎల్వాకి ఎడమపక్కనున్న తాపీమేస్త్రి కాస్త జరిగాడు. కుడిపక్కనున్న టీచరమ్మ పళ్ళెం తీసుకుని వేరే బల్లకి పోయింది. చూస్తూండగానే బెంచీ ఖాళీ అయింది. పదిహేనేళ్ళు అతని పేరు అరిచిన గొంతులే అవన్నీ. నాకు ఒళ్ళు మండిపోయింది.

క్లబ్బు ప్రెసిడెంటు ఒడిల్ దెస్కాంప్ లేచి నిలబడింది. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క పళ్ళ డాక్టరు కూడా ఆవిడే. కోచ్ సైతం ఆవిడ ముందు చేతులు కట్టుకుంటాడు.

"ఎల్వా, పోర్-సాల్వీ వెళ్ళావా?"

అతను తలూపాడు.

"ఎందుకు?"

అరచేయి నోటి మీదే ఉంది. 

"నోరు తెరు, నాయనా," అందావిడ. రోజుకి పాతికసార్లు రోగులతో అనే మాటే. "నువ్వు నోరు తెరవకపోతే రేపు నేను నీ బదులు బెంచీ మీది కుర్రాణ్ణి దింపాలి."

ఎల్వా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోరు మాత్రం తెరవలేదు.

"కేసు ముగిసింది," అంటూ ఫుల్జాన్స్ విజయగర్వంతో బాతు కాలు కసుక్కున కొరికాడు.

కటుక్కున చప్పుడైంది.

వాడి మొహం పాలిపోయింది. నాలుకతో తన పళ్ళన్నీ తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి. అప్పుడు అరచేతిలోకి ఉమ్మి చూశాడు. నాలుగు పళ్ళు, వరసగా, తళతళా.

"హత్య," అన్నాడు. "ఈ బాతు ఎవణ్ణో తినేసింది."

"బాతుకి పళ్ళుండవురా, వెధవా," అన్నాన్నేను. అన్నాక గాని వెలగలేదు, ఆ బాతు నా కొట్లోదని. నా కొట్టు పరువు గంగలో కలిసింది.

దెస్కాంప్ మేడమ్ వచ్చి ఆ పళ్ళు వేళ్ళతో పట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది. "ఇవి నా చేతి పని. పదేళ్ళ కిందట ఎల్వాకి పై వరసలో కట్టాను."

అప్పుడు ఎల్వా చెయ్యి తీశాడు. ముందు పళ్ళ స్థానంలో చీకటి.

"తుమ్మొచ్చింది, మేడమ్," అన్నాడు. ఆ రెండు ముక్కలూ ఈలలా బయటికొచ్చాయి. మిగతాది అర్థం చేసుకోవడానికి మాకు కొంత టైం పట్టింది. సెమీఫైనల్‌కి ముందు వారం ఆటగాళ్ళంతా, ఫైనల్‌కి చేరితే చేసుకునే ఈ విందు కోసం, నా కొట్టు వెనక బాతు కాళ్ళు సీసాల్లోకి ఎక్కించారు. మిరియాల పొడికి అతను తుమ్మాడు, పళ్ళు కొవ్వులో పడ్డాయి, నేను చూడకుండా మూతలు బిగించేశాను. నాతో చెబితే ఊరికి చాటింపు వేసినట్టేనని చెప్పలేదట. ఆ మాట నిజమే. మేడమ్‌తో చెబితే, మాట తిరగని హుకర్ ఎందుకని పక్కన పెడుతుందని భయం. పళ్ళు లేని నోట్లో 'సెబ' కాస్తా 'హెవ' అయింది. మావాళ్ళకి అది 'హావ'లా వినిపించి చివరివాడు లేచాడు. అమ్ముడుపోయింది ఏమీ లేదు. పోర్-సాల్వీ డాక్టరు కొత్త పళ్ళు వచ్చే వారం గాని ఇవ్వనన్నాడట.

మేడమ్ ఎవరి గ్లాసులోదో అర్మన్యాక్ బ్రాందీ తీసుకుని పళ్ళు కడిగి, అతని గడ్డం పట్టుకుని లోపలికి నొక్కింది.

"సెబ అను."

"సెబ."

"హావ అను."

"హావ."

అంత స్పష్టంగా మా చర్చి ఫాదరు కూడా ప్రార్థన చదవడు. "రేపు నువ్వే ఆడుతున్నావు," అందావిడ. ఎల్వా ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాడు. తాపీమేస్త్రి, టీచరమ్మ ఏమీ జరగనట్టు తిరిగొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. క్షమించమని ఒక్కరూ అనలేదు.

శనివారం ఆట ముగియబోతుండగా రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. పోర్-సాల్వీ గీత ముందు బంతి బయటికి పోయింది. ఎల్వా బంతి పట్టుకుని అరిచాడు. సరిగ్గా లేవాల్సినవాడే లేచాడు, పట్టాడు, మావాళ్ళంతా కట్టగట్టుకుని నెట్టి గీత అవతల పడ్డారు. ఐదు పాయింట్లు, గెలిచాం. నేనూ ఫుల్జాన్స్ పైన గ్యాలరీలో నిలబడి ఒకణ్ణొకడు కౌగిలించుకున్నాం. ఆ కాసేపు వాడు నాకు మనిషిలాగే కనిపించాడు.

ఆదివారం చెక్కముక్కతో ఎల్వాని మునిసిపల్ ఆఫీసు బాల్కనీ మీద నిలబెట్టారు. కింద ఊరంతా మాట్లాడమని గోల పెట్టింది.

"నాకు ఉపన్యాసాలు రావు," అన్నాడు. "ఈ చెక్కముక్క ఆ బాతుది. మొన్న విందులో నేను అమ్ముడుపోయానన్నప్పుడు, బల్ల దగ్గర నా పక్షాన మిగిలింది అదొక్కటే."

జనం విరగబడి నవ్వారు. నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. తాపీమేస్త్రి తన బూట్ల వైపు చూసుకున్నాడు. టీచరమ్మ చేతిలోని జెండా దించేసింది. 

ఫుల్జాన్స్ నా పక్కటెముకల్లో మోచేత్తో పొడిచి, "విన్నావా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఆ బాతుని పట్టింది నేనే."