సారుకి ఎండ తగలకుండా చేసిన తీర్మానం

“ఆ కారు నడిదోవలో ఆగిపోతే ఎట్లయ్యా? పాపం, ఆ సారు ఎండలో దిగి నిలబడల్ల గదా?”

నేనీ మాట అన్నప్పటికి కారు ఇంకా కొనలేదు. ఏ కారు కొనాలో తేల్చే మీటింగు కూడా జరగలేదు. అయినా నా భయం మీటింగు కోసం కాచుకోని కూర్చునే రకం కాదు. మా ఆయన నారప్ప అరుగు మీద పగ్గం పేనుతున్నాడు. తలెత్తి నన్ను చూసినాడు, మళ్లీ పగ్గం చూసుకున్నాడు. ఆయన జవాబు చెప్పాలంటే మాటను ముందు నానబెట్టుకోవాలి. మా ఊళ్లో నానబెట్టను నీళ్లు లేవు గాబట్టి ఆలస్యమవుతుంది.

నేను తాలూకు పంచాయితి సభ్యురాలిని. ఆడవాళ్లకు కుర్చీలు కేటాయించిన కొత్తలో, కన్నడ సీమలో తెలుగు మాట్లాడే మంగళవాడ పక్క మా ఊళ్లో ఏడో తరగతి దాకా చదివిన ఆడది నేనొక్కదాన్నే గాబట్టి నా పేరు రాసినారు. గెలిచినప్పటి నుంచి కుర్చీ విరుగుతుందేమోనని అంచు మీదే కూర్చుంటున్నాను.

చదివేవాళ్లకు తెలియనిదేమీ కాదు: కరువు వచ్చిందని చెప్పే అధికారం కరువుకు లేదు. సర్కారు పంపిన కరువు పరిశీలన అధికారి, అదే మా సారు, వచ్చి, చూసి, అవునని రాస్తేనే అది కరువు. అంతవరకు అది ఎండ. ఆయన కరువని రాస్తే మాకు నీళ్ల ట్యాంకరు ఉంటుంది. రాయకపోతే ఉన్న ట్యాంకరూ పోతుంది. దినం విడిచి దినం వచ్చే ఆ ట్యాంకరు నుంచి ఇంటికి ఎనిమిది బిందెలు. మా ఇంట్లో కోడలు బాలింత. ఎనిమిదిట్లో రెండు పసిబిడ్డ స్నానానికే పోతాయి.

ఇక్కడి నీళ్లు తాగితే పండ్లు పసుపెక్కుతాయని డాక్టర్లు చెప్పినందున సారు కాపురం తుమకూరులో పెట్టినారు. రోజూ వంద కిలోమీటర్లు రావాలి, వంద పోవాలి. ఉన్న జీపుకు తలుపుల్లేవు. మా నీళ్లు బాగుచేయడం కన్నా సారుకు మంచి కారు కొనడం సులభమని పెద్దలందరూ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను.

మీటింగుకు బయలుదేరుతుంటే పక్కింటి బోరమ్మ అడ్డమొచ్చింది.

“తిప్పక్కా, కారూ గీరూ మనకేల? ట్యాంకరు దినామూ రావల్లని రాయించుకోని రా. అదొక్కటే అడుగు. ఇంకేమీ మాట్లాడాకు. నీకు మాట్లాడబుద్ధైతే నాలిక కరుసుకో!”

అడిగినాను. అధ్యక్షుడు హనుమంతరాయప్ప దయగా నవ్వినాడు.

“అమ్మా, ఈ పొద్దు అజెండాలో కారొక్కటే ఉండాది. నీళ్ల సంగతి నీళ్ల మీటింగులో అడుగు.”

“ఆ మీటింగెప్పుడప్పా?”

“సారు కరువని రాసినాక.”

న్యాయమే. కానీ లేచి నిలబడినదాన్ని ఊరికే కూర్చుంటే బాగుండదు గదా. పొద్దున్నుంచి లోపల తిరుగుతున్న భయాన్ని బయటపెట్టినాను. “కారు నడిదోవలో ఆగిపోతే ఎట్లప్పా?”

సభంతా నా వైపు తిరిగింది. ఇంత లోతుగా ఎవరూ ఆలోచించలేదట. “ఆగిపోని ఇంజను ఉండవలెనని గౌరవ మహిళా సభ్యురాలు ఆందోళన వ్యక్తపరచినారు” అని కార్యదర్శి కదిరయ్య పుస్తకంలో రాసుకున్నాడు. నా మాటను ఎవరైనా రాసుకోవడం అదే మొదటిసారి. బోరమ్మ చెప్పిన నాలుక సంగతి మరిచిపోయినాను.

పెట్రోలా, డీజిలా అన్నదానిపై అధ్యక్షుడు ప్రసంగించినాడు: “మన తాలూకులో ఏ ఇంట్లో చూసినా డీజిలు క్యానుండాది. బావి ఇంజన్లకని తెచ్చుకున్న్యాం. బావుల్లో నీళ్లు లేవు, ఇంజన్లు తిరగవు. కాబట్టి మన దగ్గర డీజిలు మిగులు! ఏ తాలూకుకుండాది ఈ భాగ్యం?” అందరూ బల్లలు చరిచినారు. కరువు వల్ల కలిగిన మిగులు అని కదిరయ్య రాసినాడు.

తరువాత బెంగుళూరు నుంచి తెప్పించిన బొమ్మల పుస్తకం తెరిచినారు. గుండ్రటి కారు, చదరపు కారు, పొడుగు కారు. పొడుగు కారు మా ఇంటి వసారా కన్నా పొడుగు. అది మంత్రులకు, మిల్లు యజమానులకు తగినదని, మనకెందుకని ఒకరిద్దరు గొణిగినారు. అప్పుడు నాకు గుంతలు గుర్తొచ్చినాయి.

“మన రోడ్డు గుంతల్లో సారు నడుము పట్టుకుంటే? ఎవరు కన్న బిడ్డో!”

మెత్తని స్ప్రింగులున్నది పొడుగు కారొక్కటే. తీర్మానం ఆమోదించబడింది.

“దుమ్ము ముక్కులోకి పోతే దగ్గొస్తాదేమో.”

అద్దాలు దించే పని లేకుండా చల్లగాలి మిషను. ఆమోదించబడింది.

“ఎండకు కండ్లు మండితే?”

అద్దాలకు రంగు కాగితం. నలుపా, పచ్చా అని అడిగినారు. కొత్త బండికి నలుపు అశుభం గదప్పా, పచ్చదే వేయించండన్నాను. ఏకగ్రీవంగా ఆమోదించబడింది. “తల్లి మనసుతో ఆలోచించినావమ్మా!” అన్నాడు అధ్యక్షుడు. నేను మొట్టమొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. అది విరగలేదు.

కారు వచ్చిన రోజు గుమ్మడికాయ కొట్టినారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు. దుమ్ము కొట్టుకోని ఉన్న కారుకు పూజ చేస్తే దోషమని పన్నెండు బిందెల నీళ్లతో కడిగినారు. ఆ వారం ట్యాంకరు మా ఊరికి రాలేదు. అధ్యక్షుడు మైకు పట్టుకుని అన్నాడు: “కరువనేది చిన్న విషయం కాదు. అంత పెద్ద కరువును చూడను వచ్చే మనిషి చిన్న బండిలో వస్తే అది కరువుకే అవమానం!” ఖాళీ బిందెలతో వచ్చిన ఆడవాళ్లు కూడా చప్పట్లు కొట్టినారు. బిందెలు కింద పెట్టి మరీ కొట్టినారు.

కారు గొప్పది. అబద్ధం చెప్పకూడదు. రోజూ పొద్దున పది గంటలకు మా ఊరి మీదుగా సుయ్యని పోయేది, సాయంత్రం సుయ్యని వచ్చేది. ఒక్కనాడూ ఆగలేదు. మేమందరం ఎండిన శెనక్కాయ చెట్లు పీకి చేతుల్లో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడేవాళ్లం. చేతులెత్తి ఊపేవాళ్లం. లోపలినుంచి సారు కూడా చెయ్యి ఊపేవాడట, తాలూకు ఆఫీసు కాడ డ్రైవరు చెప్పినాడు. ఎండాకాలంలో సారుకు జలుబు చేసిందనీ, స్వెట్టరు వేసుకుని వస్తున్నాడనీ కూడా చెప్పినాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. చల్లగాలి మిషను అడిగింది నేనే గదా.

మూడు నెలలకు సారు నివేదిక వచ్చింది. కదిరయ్య కన్నడంలో చదివి మాకు తెలుగులో చెప్పినాడు. తాలూకు అంతటా పైరు పచ్చగా ఉన్నది. వాతావరణం చలిగా ఉన్నది. రోడ్లు నునుపుగా ఉన్నవి, దుమ్ము బొత్తిగా లేదు. రైతులు పంట పెరికి చేతబట్టుకుని, దారి పొడుగునా నిలబడి సంతోషంతో స్వాగతం పలుకుచున్నారు. కావున కరువు లేదు. కావున ట్యాంకర్లు అనవసరం.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన కూర్చున్న చోటినుంచి అంతా అట్లాగే ఉంది.

వెంటనే అభినందన సభ జరిగింది. కరువు లేని తాలూకుగా గుర్తింపు తెచ్చినందుకు సారుకు పూలదండ, కారుకు పూలదండ, నాకు శాలువా. నీళ్ల మీటింగు సంగతి అడిగినాను. “కరువే లేదంటే ఇంక నీళ్ల మీటింగు దేనికమ్మా?” అన్నాడు అధ్యక్షుడు. న్యాయమే అనిపించిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

శాలువా మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి ఊరంతా మా అరుగు ముందర బిందెలు దించుకుని కూర్చుంది. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. రెండు దినాలుగా వాడికి స్నానం లేదు.

“రా తల్లీ, రా,” అంది బోరమ్మ. “ఏదీ, ఆ శాలువా పిండు. ఒక బిందె నీళ్లన్నా కారతాయేమో సూద్దాం.”

“నేనేం జేసినానే? సారు బాగుండల్లనే గదా అడిగినాను!”

“బాగుండాడు లేక్కా. సెలికి దుప్పటి కప్పుకోనుంటాడు ఈ పాటికి.”

నేను మా ఆయన వైపు తిరిగినాను. ఆయన అదే అరుగు మీద, అదే పగ్గంతో ఉన్నాడు. చేదడానికి నీళ్లు లేని బావికి పగ్గం మాత్రం పొడుగవుతూనే ఉంది.

“నువ్వన్నా ఒక మాట చెప్పయ్యా. ఇంక మన గతేంది?”

ఆయన పేనడం ఆపినాడు. ఊరంతా ఆయన నోరు చూస్తూ కూర్చుంది. సాయంత్రమైంది. దూరంగా దుమ్ము లేచింది. కారు వచ్చింది. మేమందరం అలవాటు చొప్పున లేచి నిలబడి చేతులూపినాము. పచ్చద్దం వెనకనుంచి ఒక చెయ్యి మా వైపు ఊగింది. కారు సుయ్యని పోయింది. దుమ్మంతా మా మీద దిగేదాకా ఆగి, మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఏమ్మే, ఆ పొద్దు అడిగినావే, కారు నడిదోవలో ఆగిపోతే ఎట్లని.”

“అవును, అడిగినాను.”

“ఆగిపోయింటే సాలు. దిగి సూసింటాడు.”