సంపులో గాలి

భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న రొయ్యపిల్లల హేచరీలో, గంగులు చావుకి కారణం 'గాలి సోకడమే' అని ఏకసభ్య కమిటీ తేల్చింది. ఆ సభ్యుడు యజమాని మురళీమోహన్ గారే కనుక విచారణ ఎక్కడా ఆలస్యం కాలేదు.

గంగులు మురికినీటి సంపులోకి బురద ఎత్తడానికి దిగాడు. మొదట కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. కాసేపటికి ఏ వాసనా తెలియలేదు. ఆపైన పడిపోయాడు. గట్టు మీదున్న భార్య జగ్గమ్మ ఎంత కేకేసినా మనుషులు వచ్చేసరికి అరగంట పట్టింది, భోజనాల వేళ కదా. దీన్ని విషవాయువు అంటే ఇన్‌స్పెక్టర్లు వస్తారు. గాలి అంటే నిమ్మకాయలు చాలు. యజమాని ఉదారంగా డజను మంజూరు చేసి సంపు చుట్టూ కట్టించారు. ఆ నిమ్మకాయలు తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది గాని, అది నా సొంత ఆరోగ్య సమస్య.

"కార్మికులంతా నా కుటుంబం!" అని సంతాపసభలో ఆయన గద్గదస్వరంతో సెలవిచ్చారు. కుటుంబంలో పెద్దవాళ్లు వెనక షెడ్డులో ఉన్నారు, విమానంలో దిగిన తల్లిరొయ్యలు. వాటికి గాలి కొట్టే బ్లోయరు, ప్రాణవాయువు కొలిచే మీటరు, కరెంటు పోతే ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయి.

నెల తిరక్కుండానే సంపు నిండింది. ఈసారి జోగయ్య వంతు. ట్యాంకులు కడిగే అతని భార్య బుల్లమ్మ మాస్కు అడిగింది.

"నిమ్మకాయలు కట్టినాం కదే! మళ్లీ మాస్కేటి?" అన్నాడు సూపర్‌వైజర్ గిరిబాబు.

జోగయ్య దిగాడు. మూడు బకెట్లు పైకొచ్చాయి. నాలుగోది రాలేదు. బుల్లమ్మ తొంగిచూసింది, దిగబోయి ఆగింది, గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! తల్లిరొయ్య సంపుల పడిపోనాది!"

రెండు నిమిషాల్లో బ్లోయరు పైపు వచ్చింది. సిలిండరు వచ్చింది. బీరువాలోంచి సీలు తీయని మాస్కు వచ్చింది. మురళీమోహన్ గారు చెప్పుల్లేకుండా వచ్చారు. గిరిబాబు మాస్కు తగిలించుకుని, నడుముకి తాడు కట్టుకుని దిగాడు. రొయ్య దొరకలేదు. జోగయ్య దొరికాడు, కొనఊపిరితో.

విలువైన ప్రాణి గురించి తప్పుడు సమాచారమిచ్చి యాజమాన్యాన్ని మనోవేదనకు గురిచేసినందుకు మర్నాడు బుల్లమ్మకు మెమో ఇచ్చారు. న్యాయమే. ఆ పూట యజమాని బీపీ మాత్ర రెండోసారి వేసుకోవలసి వచ్చింది.

జోగయ్యను చూడ్డానికి జగ్గమ్మ ఆసుపత్రికి వచ్చింది. మంచం పక్కన కూచుని బుల్లమ్మ చెప్పిందంతా విన్నది.

"ఆ రోజు నాను మా ఆయన పడిపోనాడనే కేకేసినానే," అంది. "రొయ్యని సెప్పాలని నాకెవులూ సెప్నేదు."