పచ్చపిడి స్క్రూడ్రైవర్

విమానాల మెకానిక్‌కు ఆ ఉదయం ఉన్న పని ఒక్కటే. బిస్కెట్ల ఫ్యాక్టరీలో సాయంత్రం దాకా చేసి చూపించాలి, నచ్చితే ఉద్యోగం. విమానాల కంపెనీ మూతపడ్డాక అతను ఎక్కే గుమ్మం, దిగే గుమ్మంగా తిరిగాడు. "మీ అనుభవానికి మేం సరిపోమండీ" అంటూ అందరూ మర్యాదగానే సాగనంపారు. చివరికి బావమరిది, తను సూపర్‌వైజరుగా ఉన్నచోట యజమాని కాళ్లావేళ్లా పడి ఈ ఒక్కరోజూ ఇప్పించాడు.

"ఏమండీ, మిక్సీ జారు పిడి ఊగుతోంది. బిగించి వెళ్లండి," అంది భార్య.

"విమానాలు బిగించినవాడికి మిక్సీ అప్పజెప్తావా? సాయంత్రం చూస్తాలే." బూట్లు తొడుక్కుని, పనిముట్ల పెట్టె పట్టుకుని పరుగెత్తాడు.

మధ్యాహ్నానికల్లా పిండి కలిపే యంత్రం బాగుచేసి నడిపించాడు. పెట్టె సర్దుతుంటే పచ్చపిడి స్క్రూడ్రైవర్ కనిపించలేదు. విమానాల దగ్గర ఒక్క పనిముట్టు తగ్గినా, అది దొరికేదాకా విమానం కదలదు. అతని చెయ్యి దానంతటదే మెయిన్ స్విచ్ మీదికి పోయింది. ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయింది.

"ఏం చేశావు బావా! ఇది బిస్కెట్ల ఫ్యాక్టరీ. ఇక్కడ ఎగిరేది పిండి ఒక్కటే!"

"ఆ పిండిలోనే పడుంటే?"

బావమరిది పిండి తొట్టె దగ్గరికి పరుగెత్తాడు. కలిపిన పిండి పారబోయించాడు, కాల్చిన బిస్కెట్లు విరిపించాడు. గోరంత మాట కొండంతయి, స్క్రూడ్రైవర్ కాస్తా ఇనుపముక్కలయింది, ఇనుపముక్కలు గాజుపెంకులయ్యాయి. గేటు దాటిన లారీని వెనక్కి రప్పించి డబ్బాలన్నీ చించారు.

అప్పుడు వచ్చాడు యజమాని. బిస్కెట్ల గుట్టను చూశాడు, మెకానిక్ భుజం మీద చెయ్యి వేశాడు. "పోతే పోయింది. జనం నోట్లోకి ఇనుము పోకుండా ఆపావు. రేపటినుంచి వచ్చెయ్."

ఇన్నాళ్లకు ఒకరు తనను కావాలన్నారు. మెకానిక్‌కు ఏడుపొచ్చింది. అంతలో ఫోన్ మోగింది.

"ఏమండీ, పొద్దున మీరు బూట్లు వేసుకుంటుంటే పెట్టెలోంచి పచ్చపిడిది తీసుకున్నాను. జారు నేనే బిగించేశాను. మీకేం ఇబ్బంది కాలేదుగా?"

పని మొదలెట్టేముందు కూడా పనిముట్లు చూసుకోవాలి. ఉద్యోగం కంగారులో ఆ ఒక్కపూట చూసుకోలేదు. దాచేస్తే దాగేదే. కానీ విమానాల దగ్గర తప్పు దాచినవాణ్ణి అతను ఏనాడూ క్షమించలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. యజమాని భుజం మీది చెయ్యి తీసి గేటు చూపించాడు, బావమరిదికి కూడా.

ఇల్లు చేరేసరికి వంటింట్లో మిక్సీ గిర్రున తిరుగుతోంది. అతని పనిముట్లతో బాగుపడినవాటిలో ఆ సాయంత్రానికి నడుస్తున్నది అదొక్కటే.