ఒక ఇంటిపేరుకు మనుషులు కావలెను

సోమవారం ఉదయం కార్యాలయం తెరిచేసరికి రోజెన్‌తాల్ అనే ఇంటిపేరు వరండాలో బల్లమీద ఒంటరిగా కూర్చుని ఉంది. దానితోపాటు మనిషెవరూ రాలేదు. ఇంటిపేర్లు చూడటానికి ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే కనుక వర్ణన అనవసరం. ఇది కొంచెం నలిగి ఉంది, అంతే.

గోదావరి ప్రాంతపు ఆ రేవు పట్టణంలో దాన్ని ధరించిన చివరి మనిషి బజారువీధిలో కళ్లద్దాల దుకాణం నడిపేవాడు. పెళ్లి చేసుకోకుండానే వృద్ధాప్యానికి చేరి, అంతకుముందు నెల కన్నుమూశాడు. మనిషి పోతే ధ్రువపత్రం ఇస్తారు. ఇంటిపేరు మిగిలిపోతే దానికి వేరే నిబంధన ఉంది. ధరించేవారు లేని ఇంటిపేరు తన పుట్టుక, అర్థం, ప్రాచుర్యం అనే మూడింటినీ నెలాఖరులోగా రుజువు చేసుకోవాలి. లేకుంటే రద్దవుతుంది. రద్దయిన ఇంటిపేరును ఎవరైనా పలకబోతే పెదవులు కదులుతాయి గాని శబ్దం రాదు. ఆ జిల్లాలో అలాంటివి చాలా ఉన్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడకపోవడానికి కారణం కూడా అదే.

ఇంటిపేర్ల విభాగం దయామణి చేతిలో ఉంది. ఆమె కొత్తగా బదిలీ అయి వచ్చింది. కూతురు ప్రణీతతో రైల్వేస్టేషను ఎదుటి లాడ్జిలో ఉంటోంది. బడులు తెరిచేలోగా ఇల్లు దొరక్కపోతే పిల్లను మళ్లీ హాస్టలుకు పంపక తప్పదు. పిల్ల హాస్టలు అన్న మాట వింటే అన్నం మానేస్తుంది. దయామణి ఇంటిపేరు ఈ కథకు అవసరం లేదు. ఇళ్లు అద్దెకిచ్చేవారికి మాత్రమే అది అవసరం.

“మేడమ్‌గారూ, ఇదేదో మందుబిళ్ల పేరులాగుందండి,” అన్నాడు గుమాస్తా నూకరాజు.

దయామణి అతన్ని పట్టించుకోకుండా విచారణ మొదలుపెట్టింది. “పుట్టుక?”

“ఆఫీసులోనేనమ్మా,” అంది ఇంటిపేరు. నూరేళ్లు రేవులో ఉన్నందువల్ల దాని తెలుగు శుభ్రంగా ఉంది. “జర్మను మాట్లాడే దేశాల్లో. మావాళ్లు యూదులు. ఫలానావాడి కొడుకు ఫలానా అనుకుంటే అంతకుముందు వాళ్లకి సరిపోయేది. పన్నులకీ పటాలానికీ మనుషుల లెక్క తేలడం లేదని, కుటుంబానికో పేరుండాలన్నారు పైవాళ్లు.”

ఇది చరిత్రకు విరుద్ధం కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఆస్ట్రియా చక్రవర్తి అలాంటి ఆజ్ఞ ఇచ్చాడు. తరువాత ఇతర రాజ్యాలూ ఇచ్చాయి. దయామణి సరిచూసుకుని ముందుకు సాగింది. “అర్థం?”

“గులాబీల లోయ.”

“అక్కడ గులాబీలుండేవాండి?” అన్నాడు నూకరాజు.

“తెలీదు బాబూ. రాసినాయనకి పూలంటే ఇష్టమేమో.”

“అంత మంచి పేరుకి ఏమాత్రం ముట్టజెప్పారేంటి?” నూకరాజు గొంతులో వృత్తిపరమైన ఆసక్తి తప్ప మరేమీ లేదు.

“అలా ఇచ్చేవారని మావాళ్లు కథలు చెప్పుకుని నవ్వుకునేవారు. ఆధారాలు మాత్రం లేవు.”

ఆధారాలు లేనిదాన్ని దయామణి నమోదు చేయలేదు. “ప్రాచుర్యం?”

“ప్రపంచమంతటా ఉన్నారమ్మా మావాళ్లు.”

“మా పరిధిలో?”

“నేనొక్కదాన్నే.”

“మిమ్మల్ని మీరు లెక్కలో చేర్చుకోకూడదండి,” అని దయామణి మృదువుగా చెప్పింది. రుజువు దొరికితే నెలాఖరులోగా రమ్మంది.

సాయంత్రం కార్యాలయానికి తాళం వేసేశారు. పోవడానికి చోటు లేక ఇంటిపేరు దయామణి వెంటే నడిచింది. ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని అద్దె ఇల్లు చూడటానికి వెళుతోంది. అప్పటికి చాలా ఇళ్లు చూసింది. ప్రతిచోటా మంచినీళ్లిచ్చేవారు, గదులు చూపించేవారు, ఆ తరువాత ఇంటిపేరు అడిగేవారు. ఆమె చెప్పేది. అంతవరకు ఖాళీగా ఉన్న వాటా, తమ్ముడి కొడుక్కి ముందే మాటిచ్చినట్టు ఆ క్షణంలో గుర్తుకొచ్చేది. ఆ పట్టణంలో ఇంటివాళ్ల తమ్ముళ్లు అందరూ సంతానవంతులే.

గేటు దగ్గర ఆమె ఆగింది. ఇంటిపేరు సంగతి గ్రహించి, “నన్ను చెప్పండమ్మా. ఎలాగూ ఖాళీగానే ఉన్నాను,” అంది. నిబంధనల్లో ఇందుకు అభ్యంతరం లేదని దయామణికి తెలుసు. ఆ నిబంధనలు ఆమె దగ్గరే ఉంటాయి.

ఇంటావిడ సుభద్రాయమ్మ మేడమీది వాటా చూపించింది. గాలి బాగుంది. ప్రణీత కిటికీలోంచి చూసి, ఇక్కడినుంచి ఓడలు కనబడుతున్నాయని అరిచింది.

“ఇంతకీ మీ ఇంటిపేరేంటమ్మా?”

“రోజెన్‌తాల్ అండి.”

సుభద్రాయమ్మ కళ్లు సగం మూసింది. జిల్లాలోని ఇంటిపేర్లన్నీ, వాటి వెనక ఊళ్లూ వియ్యంకులతో సహా, ఆవిడకు కంఠస్థం. ఇది ఎక్కడా తగల్లేదు.

“ఏ వైపోళ్లు? అమలాపురం వైపా?”

“ఇంకా చాలా ఎగువకండి,” అంది ఇంటిపేరు.

“మరి... తిండీ తిప్పలూ?”

“కొన్ని పట్టింపులున్నాయండి,” అంది ఇంటిపేరే. “పాలూ మాంసమూ ఒకచోట కలపం. పంది ముట్టం. పొలుసు లేని చేప ఇంట్లోకి రానివ్వం.”

“అబ్బో! మాకన్నా మడిగానే ఉన్నారే!”

“శుక్రవారం పొద్దుగూకేలోపు దీపాలు పెడతాం.”

“శుక్రవారం దీపాలా! ఇంకేం కావాలి తల్లీ!” అని సుభద్రాయమ్మ తాళంచెవి దయామణి చేతిలో పెట్టింది. ఎక్కువో తక్కువో తేల్చుకోలేని మనిషిని కాదనడానికి ఆవిడ దగ్గర కారణం ఏదీ లేదు. పట్టింపులున్న మనిషి కావడంతో గౌరవం కూడా కలిగింది.

మర్నాడు దయామణి ధారణ పత్రంమీద సంతకం చేసింది. తల్లీకూతుళ్లతో ప్రాచుర్యం రెండుకు చేరింది. రోజెన్‌తాల్ రద్దు నుంచి బయటపడింది. ప్రణీత బడిలో చేరింది. ఆ శుక్రవారం నిజంగానే దీపాలు పెట్టారు. అవి కొండెక్కేదాకా ఇంటిపేరు వాటి దగ్గరే కూర్చుంది.

ఇలాంటి వార్త పట్టణంలో దాగదు. వర్షాకాలం నడిమికి విభాగం ముందు జనం వరండా దాటి రోడ్డుమీదికి వచ్చారు. కులాంతరం చేసుకున్న జంటలు వచ్చారు. మోటారు మెకానిక్ రహమతుల్లా వచ్చాడు. కోడికూర లేనిదే ముద్ద దిగని పురోహితుల కుర్రాడు వచ్చాడు. పడవల వాళ్లు వీధివీధంతా కలిసి వచ్చారు. అందరికీ ఇళ్లు దొరికాయి. బడిలో హాజరు పిలిచే పంతులమ్మ ఒకసారి “రోజెన్‌తాల్!” అని, సగం తరగతి పలికాక, మిగతావారిని విడిగా పిలిచేది. ఇంటిపేరు ముడతలన్నీ పోయి నిగనిగలాడింది. నూకరాజు కూడా చవితి నాటికి రోజెన్‌తాల్ అయ్యాడు. అతనికి సొంత ఇల్లుంది. పదిమందితో పాటు ఉందామని, అంతే.

ఇళ్ల యజమానుల సంఘం సమావేశమైంది. అందరూ ఒకటే అయితే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందన్నది చర్చనీయాంశం. చక్రవర్తికి కలిగిన సందేహమే వారికీ కలిగింది. వారూ పరిష్కారం కనిపెట్టారు. అప్పటినుంచి గుమ్మాల దగ్గర ప్రశ్న మారింది. పాత రోజెన్‌తాలా, కొత్త రోజెన్‌తాలా? కొత్తయితే, కాకముందు ఏమిటి?

“నా అనుభవంలో, అమ్మా, ఇది మొదలయ్యాక తనంతట తాను ఆగదు,” అంది ఇంటిపేరు.

“అక్కడ మొదలైనప్పుడు మీరేం చేశారండి?” అంది దయామణి.

“నేను ఇంటిపేరుని. నన్నెవరడిగారు?”

కార్తీకంలో సుభద్రాయమ్మ చెల్లెలింటికి ప్రయాణమవుతూ మేడ ఎక్కి వచ్చింది. “నువ్వు పాతదానివని నాకు తెలుసు గదమ్మా. కింద వాటా ఖాళీ అయ్యింది. వచ్చినోళ్లని నువ్వే చూసుకో. కాస్త జాగ్రత్త. కొత్తోళ్లు గనక దిగారంటే, రేపు జనం నిన్నూ వాళ్లలోనే కలిపేస్తారు. అప్పుడు మా సంఘమోళ్లు ఊరుకోరు, నేనూ ఏం చెయ్యలేను.”

ఆదివారం ఒక జంట వచ్చింది. ఆ అమ్మాయి చంకలో ఏడాది పిల్లాడు. దయామణి కుర్చీలు వేసి, మంచినీళ్లిచ్చి, గదులన్నీ చూపించింది. ప్రణీత పైనుంచి దిగివచ్చి పిల్లాణ్ని ఎత్తుకుంది.

“ఇంటిపేరు?” అని అడిగింది దయామణి.

“రోజెన్‌తాల్ అండి.”

“మేమూ అదేనమ్మా, సంతోషం. అయితే... కాకముందు?”

ఆ అమ్మాయి మొగుడివంక చూసింది.

“ఏమీ అనుకోకండి. మాకయితే అలాంటివేం లేవు,” అంది దయామణి. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. “ఇంటావిడ అడుగుతారని.”

ఆ అమ్మాయి చెప్పింది. దయామణి తల పంకించి, ఆలోచించుకుని కబురు చేస్తామంది. పిల్లాణ్ని ప్రణీత చేతుల్లోంచి తనే తీసుకుని తల్లికి అందించి, గేటు దాకా వెళ్లి మర్యాదగా సాగనంపింది. వరండాలో పేపరు చదువుకుంటున్న ఇంటిపేరు తల ఎత్తలేదు.

ఆ వాటా ఇప్పటికీ ఖాళీగానే ఉంది. తూర్పు వాకిలి, రెండు పూటలా కుళాయి, వెనక చిన్న పెరడు. పాతవారికి మాత్రమే. వివరాలకు మేడమీద రోజెన్‌తాల్ వారిని కలవగలరు.