అద్దాల బీరువాలో నూరేళ్లు

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది ముగ్గురు. గడ్డం గీసుకుంటున్న తాతయ్య, పుస్తకానికి అట్ట వేస్తున్న అమ్మ, ఆ పుస్తకం మోసుకెళ్లాల్సిన మనవరాలు.

పట్టణ గ్రంథాలయానికీ, దాని కింది సభామందిరానికీ నూరేళ్లు. ముప్పై ఏళ్లు అక్కడ లైబ్రేరియన్‌గా చేసిన తాతయ్య ఆ భవనం చరిత్రను పన్నెండు పేజీల్లో రాసి కుట్టాడు. పదకొండింటికి గ్రంథాలయ కమిటీ ఛైర్మన్‌గారు దాన్ని సభలో చదవాలి. ఆయనకు సగం పేజీలు మింగేసే అలవాటుంది. తాతయ్య బెంగంతా అదే.

"నేను వెనకాలే వస్తా. నువ్వు ఆయన చేతికే ఇవ్వు, ఒక్క పేజీ కూడా వదలొద్దన్నానని చెప్పు" అన్నాడు. చెయ్యి ఊరుకోక, పాత అలవాటుకొద్దీ అట్ట మీద నంబరు చీటీ కూడా అంటించాడు.

సభలో పాతికమంది కొత్త ముఖాలు. మనవరాలు గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. పైనున్న లైబ్రేరియన్ తెలిసినావిడే కదా, ఆవిడ చేత ఇప్పిద్దామని మెట్లెక్కింది. ఆవిడ కనిపించకపోతే పుస్తకం బల్ల మీద పెట్టి, మంచినీళ్లు తాగి వచ్చింది. అంతలోనే ఆవిడ దానికి ముద్ర కొట్టి, ఇక్కడే చదవాల్సిన పుస్తకాల అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

"అది పుస్తకం కాదండీ" అంది మనవరాలు, తనకే వినపడనంత మెల్లగా.

"అట్ట ఉంది, నంబరుంది, ముద్ర కూడా పడింది. ఇంకెలా ఉంటుందమ్మా పుస్తకం? ఈ బీరువాలోది గుమ్మం దాటదు."

అటెండరు వచ్చి అడిగాడు. ఛైర్మన్‌గారే వచ్చి అడిగారు. ఆవిడ గోడ మీది నియమాల బోర్డు చూపించింది. అడుగున తాతయ్య సంతకం. అప్పుడే ఆయాసపడుతూ మెట్లెక్కిన తాతయ్య కూడా ఆ సంతకాన్ని చూశాడు.

చేసేదిలేక సభే పైకి వచ్చింది. ఆవిడ తాళం తీసి ఇచ్చిన పుస్తకం తెరిచి ఛైర్మన్‌గారు గొంతు సవరించుకోగానే ఆవిడ రెండో నియమం చూపించింది. పైకి చదవరాదు.

దాంతో ముగ్గురేసి తలలు దగ్గర పెట్టుకుని, పన్నెండు పేజీలూ మౌనంగా చదివారు. కప్పు కారిన ఏడాది పుస్తకాలను కింది సభలో దండేల మీద ఆరేసిన సంగతి దగ్గర ఒకాయన భుజాలు నవ్వుతో కదిలాయి. ఇటుకలు మోసినవాళ్ల పేర్లలో తన తాత పేరు చూసి ఇంకొకాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఛైర్మన్‌గారు రెండుసార్లు చదివారు. తాతయ్య కిటికీ దగ్గర కూర్చుని, ఎవరు ఏ పేజీలో ఉన్నారో చూస్తూ ఉండిపోయాడు.

చివరికి పుస్తకం మనవరాలి చేతికొచ్చింది. మూడో పేజీ తిప్పుతుండగా ఒంటిగంట కొట్టింది. ఆవిడ పుస్తకం తీసుకుని, ఆమెను నెమ్మదిగా వాకిట్లోకి నడిపించింది.

"తాతయ్యదే కదండీ..."

"రేపు పదింటికి రామ్మా" అని ఆవిడ తలుపు మూసేసింది.

ఒంటిగంటకు మూయాలన్నది మూడో నియమం.