మమత ప్రాక్టికల్ కోసం గట్టయ్య ధర్నా

సోమవారం పొద్దున మమతకు ఉన్న పని ఒకటే. తండ్రి గట్టయ్యను డిగ్రీ కాలేజీకి తీసుకెళ్లాలి, ప్రిన్సిపాల్ ముందు కూర్చోబెట్టాలి, మాట్లాడించి ఇంటికి పంపెయ్యాలి. రెండు మాటలతో తేలిపోయే పని. గోదావరిఖనిలో రెండు మాటలతో తేలిపోయిన పని ఎవరైనా చూశారా?

మమత చదివేది కంప్యూటర్ సైన్స్. నిరుడు మెడికల్ సీటు కొద్దిలో తప్పిపోయింది. ఈసారి మళ్లీ ఆ పరీక్ష రాస్తానంటోంది, అలాగని కంప్యూటర్‌నూ వదలనంటోంది. అందుకే దానితో పాటు జువాలజీ కూడా కావాలని అడిగింది. రెండు ప్రాక్టికల్స్ ఒకే వేళకు పడుతున్నాయి. జువాలజీని సాయంత్రానికి జరపడానికి ప్రిన్సిపాల్ గోపాలరావు ఇంచుమించు ఒప్పుకున్నాడు. "ఆడపిల్లవి, పొద్దుపోయేదాకా ఉండాలి కదమ్మా. మీ నాన్నగారిని ఓసారి రమ్మను" అన్నాడు. మగపిల్లాడైతే ఈ మాట అనేవాడా? అనడు. ఒళ్లు మండినా మమత ఊరుకుంది, ఎందుకంటే సబ్జెక్టు కలుపుకోవడానికి సోమవారమే ఆఖరు. తప్పిందంటే ఏడాది పోయినట్టే.

"బాపూ, ప్రిన్సిపాల్ నిన్ను రమ్మన్నడు. ఒక్కనివే రా, జల్ది పోయొద్దాం."

గట్టయ్య చాయ గ్లాసు కింద పెట్టాడు. "ఎందుకు పిలిచిండు? ఏం జేసినవ్?"

"నేనేం జెయ్యలే. ఉత్తగనే, మాట్లాడుతందుకు."

"ఉత్తగనే మాట్లాడుతందుకు ఏ ఆఫీసరన్న పిలుస్తడా?"

గట్టయ్య మీసం మొలిచినప్పటి నుంచీ బొగ్గుబాయిలో పనిచేస్తున్నాడు. అక్కడ ఆఫీసరు గదిలోకి పిలుపొచ్చిందంటే ఛార్జిషీటు సిద్ధంగా ఉన్నట్టే. పిలిస్తే ఒంటరిగా వెళ్లకూడదు, పక్కన యూనియన్ మనిషి ఉండాలి. పనిలో చేరిన కొత్తలోనే పెద్దలు ఈ సంగతి చెవిలో వేస్తారు. బాయి దగ్గర పనికొచ్చిన తెలివి కాలేజీ దగ్గరా పనికొస్తుందని గట్టయ్య అనుకున్నాడు. మమత తల దువ్వుకుని వచ్చేసరికి ఫోన్లు అయిపోయాయి.

వాకిట్లో యూనియన్ నాయకుడు సదయ్య కండువాతో నిలబడి ఉన్నాడు. వెనక ఆటో నిండా మనుషులు, మనుషుల చేతుల్లో జెండాలు.

"ఏంది బాపూ ఇది?" మమత అరిచింది.

"నువ్వు ఊకో బిడ్డా. అంత సదన్న మాట్లాడుతడు."

"సదయ్య కాకకు జువాలజీ అంటే ఏందో ఎర్కేనా?"

"జువాలజీ ఎర్క లేకపోతేంది, అన్యాయమంటే ఎర్కే" అని సదయ్య ఆటో ఎక్కాడు.

కాలేజీ గేటు దగ్గర "ప్రిన్సిపాల్ మొండి వైఖరి నశించాలి" అని నినాదాలు మొదలయ్యాయి. ఏ వైఖరీ లేని గోపాలరావు టిఫిన్ డబ్బా పట్టుకుని వరండాలో బిత్తరపోయి చూస్తున్నాడు. మమత మొత్తుకుంటూనే ఉంది, వినేవాడు లేడు. ఆమె కోసమే కదా అరుస్తున్నారు, ఇక ఆమె మాట వినడం దేనికి?

ఈ సంగతి అవతలి యూనియన్ నాయకుడు భూపాల్‌కు క్షణంలో చేరింది. యూనియన్ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. సదయ్య ఒక్కడే పేరు కొట్టేస్తే ఎలా? అంతకంటే పెద్ద మైకుతో దిగిపోయాడు.

"గట్టయ్య బిడ్డకొక్కదానికేనా? కార్మికుల పిల్లలందరికి రెండు ఇయ్యాలె! డాక్టరు, కంప్యూటరు!"

"కామర్సు సుత కలపాలె!" అన్నాడు సదయ్య, వెనకబడతానేమోనన్న కంగారులో.

గోపాలరావుకు తిక్క రేగింది. "ఏంటయ్యా ఈ గోల? ఈ అమ్మాయికి ఒప్పుకుందామనే కదా వాళ్ల నాన్నను రమ్మన్నాను! ఇప్పుడు అందరికీ ఇవ్వాలంటే నా దగ్గరున్నది ఒక్క ల్యాబ్. ఎవరికీ లేదు, పొండి!"

గేటు దగ్గర జెండాలు కిందికి దిగాయి. గట్టయ్య నోరు తెరిచాడు. "ఒప్పుకుందామనే పిలిచిండా?"

"గట్లనా? నాకు జెప్పద్దా బిడ్డా?" అన్నాడు కూతురి వైపు తిరిగి.

"జెప్పిన! ఒక్కనివే రమ్మని జెప్పిన!"

నాయకులిద్దరూ మాత్రం చెక్కుచెదరలేదు. ప్రిన్సిపాల్‌ను పక్కకు తీసుకెళ్లి, చాయ తెప్పించుకుని తాగి, నవ్వుతూ తిరిగొచ్చారు. చర్చలు సఫలమయ్యాయట. కమిటీ వేస్తారట. వచ్చే ఏడాది ఆలోచిస్తారట. చప్పట్లు మోగాయి.

మమత భూపాల్ చేతిలోని మైకు లాక్కుంది. కోపంతో కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"వచ్చే ఏడాదా? నా బతుకు మీకు ఆటయిందా? ఎక్స్‌రే జూసి ఊపిరితిత్తుల రోగం జెప్పే కంప్యూటర్లు వస్తున్నయి. అవి తయారుజేసెటోళ్లకు రోగం తెల్వది, దవాఖానల డాక్టర్లకు కంప్యూటర్ తెల్వది. రెండు నేర్చుకుందామనుకున్న. బొగ్గుదుమ్ము మింగేది మీరే గదా, మీకు అక్కెర లేదా? ఇగ మీరు సుత, సార్! నాకు ఓటు హక్కు సుత వచ్చింది. నా చదువు గురించి నన్ను అడిగితే సరిపోకపోవునా? బాపును ఎందుకు పిలిచిండ్రు?"

కాలేజీ పిల్లలంతా అప్పటికే గేటు చుట్టూ మూగారు. మమత వాళ్ల వైపు తిరిగింది.

"అందరికి రెండు ఇయ్యాలంటున్నరు. మంచిదే. పొద్దంత కంప్యూటరు, చీకటి పడేదాక ఫార్మలిన్ వాసనల జువాలజీ. ఎవరెవరికి కావాలె? చేతులెత్తుండ్రి!"

ఒక్క చెయ్యి లేవలేదు. అదే కాలేజీలో చదివే భూపాల్ కొడుకు మెల్లగా స్కూటర్ల వెనక్కి జరిగాడు. సదయ్య కూతురు ఫోన్‌లో ముఖం దాచుకుంది.

మమత తన చెయ్యి ఎత్తింది. "అడిగినోళ్లందరికి ఇయ్యుండ్రి సార్."

గోపాలరావు ఆ ఎత్తిన చేతిని చూశాడు, గుంపును చూశాడు. "సాయంత్రం నాలుగింటికి ప్రాక్టికల్‌కు రామ్మా. నువ్వొక్కదానివే రా" అని లోపలికి వెళ్లిపోయాడు. గట్టయ్య కూతురి దగ్గరకు రాబోయి, ఆమె చూపు చూసి, గేటు బయటే నిలబడిపోయాడు.

ఆ సాయంత్రం రెండు యూనియన్లూ బాయి గేటు దగ్గర విడివిడిగా విజయసభలు జరుపుకున్నాయి. మమతను పిలవాలన్న సంగతి రెండింటికీ గుర్తు రాలేదు.